ఆర్లెట్ వదిన, బాతిస్త్ గేటు

మా ఆర్లెట్ వదినకి చరిత్ర తెలియదు. ఆ సంగతి ముందే చెప్పేస్తుంది కూడా. సైకిళ్ల మీద వచ్చినవాళ్లని నిలువురాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, "ఇవి చాలా పాతవి. ఎవరు పాతారో, ఎందుకు పాతారో నాకు తెలీదు, నన్నడక్కండి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఆ పక్క మలుపులో మాత్రం సైకిలు దిగి, స్టాండు వేసి, మా అమ్మ గాడిద అక్కడ ఎలా మొండికేసిందో, వానలో మా అమ్మ దాన్ని ఎంతలా బతిమాలిందో, చివరికి ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికెలా చేరారో తీరిగ్గా చెబుతుంది. వచ్చినవాళ్లు రాళ్లకి ఒక ఫొటో తీసి, గాడిద మొండికేసిన ఖాళీ మలుపుకి నాలుగు తీస్తారు.

నేను ఆవిడ ఆడపడుచుని, జోసెట్‌ని. పెళ్లి చేసుకోలేదు కాబట్టి పుట్టిన ఇంట్లోనే ఉండిపోయాను. మా అన్న జిల్బేర్‌ని చేసుకుని ఆర్లెట్ ఆ ఇంటికే వచ్చింది. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు ఇన్నేళ్లు ఎలా ఉన్నారమ్మా అని ఊళ్లో అడుగుతుంటారు. పోట్లాడుకుంటూ ఉన్నాం. అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఫ్రాన్సు పటంలో మా కొంబలాస్ కనపడాలంటే కళ్లజోడు కావాలి. నది ఎక్కడో కింద లోయలో పారుతుంది. మేము పైన రాతి మెట్ట మీద ఉంటాం. మా మీద పడ్డ వానంతా రాళ్ల సందుల్లోంచి జారి కిందవాళ్లకే పోతుంది. కాబట్టి మా దగ్గర నీటి గుంటకి ఉన్న మర్యాద చర్చికి కూడా లేదు. అడుగంతా రాయి పరిచి తాతల నాడు కట్టిన గుండ్రటి గుంటలు అవి. గొర్రెలు వాటిని నమ్ముకుని బతుకుతాయి, మేము గొర్రెల్ని నమ్ముకుని బతుకుతాం. ఇక గాలి సంగతి చెప్పకపోవడమే మంచిది. ఏ దిక్కుకి సైకిలు తొక్కినా ఎదురుగాలే మా మెట్ట మీద. తిరిగొచ్చేటప్పుడన్నా వెనక నుంచి తోస్తుందనుకుంటే అదీ లేదు.

వదినకి పాలగొర్రెలే లోకంగా ఉండేవి. పొద్దున్నే పాలు పితికి మందని మేతకి తోలేది, సాయంత్రం మళ్లీ పాలు పితికేది. మధ్యలో జున్ను, ఉతుకుడు, నాతో తగువు. మా అన్న పాత సైకిలు మీద మంద వెనకాల పోతుండేది, గౌను అంచు మోకాళ్ల పైకి దోపుకుని. అప్పట్లో ఆ గౌను మీద పాదిరిగారు కూడా ఒక మాట అన్నారు. "మీ అంగీతో సైకిలు తొక్కి చూపించండి, నేనూ అలాగే తొక్కుతాను" అని వదిన అనేసరికి ఆయన మళ్లీ ఎత్తలేదు.

మా అన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక వదిన మందని అమ్మేసింది. కొన్నది బాతిస్త్. కింద నుంచి, మోంపెల్యే పట్నం నుంచి వచ్చిన కుర్రాడు. గడ్డం, చెవికి పోగు, గొర్రెల పెంపకం మీద ఏదో డిప్లొమా. పొలాలు కూడా అతనికే కౌలుకిచ్చాం. వచ్చి పదేళ్లయినా ఊళ్లో అతన్ని ఇంకా "కొత్తబ్బాయి" అనే అంటారు. మా దగ్గర కొత్త అంత తొందరగా పాతబడదు.

మంద పోయిన ఆ చలికాలం వదిన వంటింట్లో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. నేను తిట్టాను, బతిమాలాను, ఆవిడకిష్టమైన కూపెతాద్ చేసి పెట్టాను. పాతరొట్టె, గుడ్లు, పాలు, ఎండుద్రాక్ష వేసి పొయ్యిలో కాల్చే తీపి అది. ఒక చెంచా తిని "పంచదార ఎక్కువైంది" అంది. నా వంటకి వంక పెట్టిందంటే ఇంకా బతికే ఉందని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మంచు కరిగాక ఒకరోజు ఇద్దరు ఆడపిల్లలు సైకిళ్ల మీద వచ్చి, రాబందులు తిరిగే కొండఅంచుకి దారెటు అని తలుపు దగ్గర అడిగారు. వదిన నోటితో చెప్పబోయింది. ఆ పిల్లలకి అర్థం కాలేదు. "ఉండండి" అని మా అన్న సైకిలు బయటికి లాగి, గాలి కొట్టి, వాళ్లతో పోయింది. చీకటి పడే వేళకి వచ్చింది. ముక్కు ఎర్రగా కందిపోయింది. కళ్లల్లో మాత్రం నేను మర్చిపోయిన వెలుగేదో ఉంది. "జోసెట్, వాళ్లకి గొర్రెకీ మేకకీ తేడా తెలీదే!" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఎన్ని కూపెతాదులైనా మాడ్చుకునేదాన్ని.

అలా మొదలైంది. కింద మూతపడిన పిల్లల శిబిరం వాళ్ల సైకిళ్లు తెచ్చుకున్నాం. కొట్టం మీద గది అతిథులకి సర్దాం. ఆదివారాలు వదిన ముందు, వచ్చినవాళ్లు మధ్యలో, పంపు, పంక్చరు సామాను పెట్టుకుని చివర నేను. రాళ్ల కప్పుల ఇళ్లు, జూన్‌లో వెండిలా మెరిసే జూలుగడ్డి, తలుపుల మీద మేకు కొట్టిన పెద్ద ముళ్లపువ్వులు అన్నీ చూపిస్తుంది. వానొచ్చే ముందు ఆ పువ్వు ముడుచుకుంటుందని చెబుతుంది. అది ముడుచుకోకుండానే వాన వస్తే, పువ్వుది తప్పు కాదు, మేకు సరిగ్గా కొట్టలేదంటుంది.

బయల్దేరే ముందు ఒక ఉపన్యాసం తప్పదు. "మెల్లగా తొక్కండి, పరవాలేదు. నా జున్ను రొట్టె లేకుండా ఉత్తినే తినండి, అదీ క్షమిస్తాను. గేట్ల సంగతి మాత్రం వినండి. మూసి ఉన్న గేటు తీస్తే మళ్లీ మూయాలి. తెరిచి ఉన్న గేటుని అలాగే వదిలేయాలి. పుణ్యం వస్తుందని మూయకండి. ఎవరో ఏదో ఆలోచించి తెరిచిపెట్టుంటారు." మా మెట్ట మీద బైబిలు తర్వాత ఇదే. బైబిల్లో కనీసం ప్రాయశ్చిత్తం ఉంది.

ఈ సైకిళ్లు లేకపోతే వదిన మళ్లీ ఆ కుర్చీలోకే పోతుంది. ఈ మాట మేము ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఇద్దరికీ తెలుసు. దారులన్నీ బాతిస్త్ మేపుకునే పొలాల గుండానే. అతను కాదంటే మాకు ఒక్క ఆదివారం కూడా లేదు.

ఆ జులైలో హాలెండు నుంచి ఇద్దరు వచ్చారు, విమ్ అని, హన్నెకె అని. రిటైరైన దంపతులు, పొడుగ్గా, ఎర్రగా, అడుగడుగునా థాంక్సు చెబుతూ. ఎండ మండిపోతోంది. రొట్టె, జున్ను, ఎండు సాసేజి, నీళ్లు సైకిళ్ల మీద మోయలేమని నేను వ్యాను తీసుకుని ముందే కొండఅంచుకి వెళ్లి గుడ్డ పరిచాను. వాళ్లు ముగ్గురూ సైకిళ్ల మీద వచ్చారు. రాబందులు మా తలల మీదుగా, రెక్క ఆడించకుండా, కిందున్న లోయలోకి దిగిపోతుంటే విమ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "నోరు ముయ్యి బాబూ, పైనుంచి ఏమన్నా పడగలదు" అంది వదిన. అతను నిజంగానే మూసుకున్నాడు. ఎంత నవ్వుకున్నామో.

సాయంత్రం వ్యాను రోడ్డు మీదుగా తిరిగొచ్చి, మా పెరట్లో బల్ల వేసి నలుగురం తింటున్నాం. బాతిస్త్ నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది, గడ్డం నిండా దుమ్ము. బల్ల మీద వాళ్లని చూశాడు, వదినని చూశాడు.

"మీరేనా ఇవాళ నా పొలంలోంచి పోయింది?" అన్నాడు విమ్‌తో.

విమ్ లేచి నిలబడి చెయ్యి చాపాడు. బాతిస్త్ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"గుంట వైపు గేటు మూసేశారు. పొద్దున పాలు పితికి, గేటు బార్లా తెరిచి, మందని వదిలి నేను గడ్డి కోతకి పోయాను. రోజంతా ఒక్క చుక్క నీళ్లు లేవు వాటికి. ఇంత ఎండలో! సాయంత్రం వెళ్లేసరికి మంద మొత్తం గేటుకి అతుక్కుని ఉంది. ఒకదాన్ని తొక్కి చంపేశాయి. మిగతావి పాలివ్వట్లేదు. ఎన్నాళ్లకి మళ్లీ ఇస్తాయో తెలీదు."

హన్నెకె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. విమ్ ముఖం పాలిపోయింది. "నేనే అయ్యుంటాను," అన్నాడు తన నిదానమైన ఫ్రెంచిలో. "రాబందుల గురించే ఆలోచిస్తున్నాను. నాకు గుర్తు లేదు. కానీ నేనే అయ్యుండచ్చు."

"అయ్యుండచ్చేమిటి! ఊరికే మూశారా అంటే అదీ కాదు. కింద రాయి కూడా దొర్లించి పెట్టారు! గోడ పక్కన ఎప్పుడూ పడుండే బల్లపరుపు రాయి. పదేళ్లలో నేను దాన్ని కదిపిందే లేదు. గేటు కింద సరిగ్గా ఇరికించారు, ఆ గొర్రెలు తలలు పెట్టి ఎత్తుదామన్నా లేవకుండా. ఎలా తోచిందండీ మీకు?"

నా చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

ఆ గేటు మడతబందు దగ్గర కుంగిపోయి ఉంటుంది. గొర్రెలు కింద తల దూర్చి ఎత్తేస్తాయని మా అన్న ఆ రాయి తెచ్చి పెట్టాడు. మా కాలంలో గుంట వైపు పొట్టేళ్లు ఉండేవి, కాబట్టి ఆ గేటు ఎప్పుడూ మూసే ఉండాలి. మూసి, గొలుసు తగిలించి, రాయిని పాదంతో ఒక్క తోపు తోసేవాళ్లం. చూసుకోనక్కర్లేదు, పాదానికే తెలుసు. ఆ రాయి సంగతి తెలిసింది మూడు జతల కాళ్లకి. మా అన్న కాళ్లు చర్చి పక్కన పడుకున్నాయి. నా కాళ్లు ఆ పొద్దున వ్యానులో ఉన్నాయి.

నేను వదిన వైపు చూడలేదు. చూస్తే నా ముఖంలో కనపడిపోతుందని భయం. బాతిస్త్ కోపం చల్లారడం మొదలైంది, ఎదుటివాళ్లు ముసలివాళ్లు, పైగా ఏడుపు ముఖాలు పెట్టారు కదా. "నీ తప్పేం లేదు పెద్దమ్మా," అన్నాడు వదినతో. "నువ్వు చెప్పే ఉంటావు, నాకు తెలుసు. ఇకమీద కొత్తవాళ్లని గేటు దగ్గర వెనకాల వదలకు, అంతే. వీళ్లని మాత్రం మళ్లీ నా పొలంలో అడుగు పెట్టనివ్వను."

అంటే వదిన నోరు మెదపకుండా ఊరుకుంటే చాలు. హాలెండువాళ్లు రేపు పొద్దున వెళ్లిపోతారు. ఆదివారాలు మనవే. నేను, సిగ్గులేకుండా చెబుతున్నాను, మనసులో దేవుణ్ణి వేడుకున్నాను. ఊరుకో వదినా, జన్మలో ఒక్కసారన్నా ఊరుకో అని.

"కూర్చో, బాతిస్త్," అంది వదిన.

"కూర్చోడానికి రాలేదు."

"అయితే నిలబడే విను. ఆ రాయి పెట్టింది నేను."

బాతిస్త్ నవ్వబోయాడు. "వీళ్లని వెనకేసుకు రాకు పెద్దమ్మా."

"వెనకేసుకు రావట్లేదు. ఆ రాయి జిల్బేర్ తెచ్చాడు. అదెందుకు అక్కడుందో బతికున్నవాళ్లలో నాకూ జోసెట్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. జోసెట్ పొద్దున రొట్టెలతో వ్యానులో ఉంది. నేనే అందరి వెనకాల వచ్చాను."

"నువ్వా? మూసినట్టు గుర్తే లేదా?"

"లేదు. ఇప్పటికీ లేదు. నువ్వు రాయి అన్నాక తెలిసింది నాకు." వడ్డించే గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "పాపం ఆయన్ని అనకు. ఆయనకి గేటు కూడా సరిగ్గా కనపడి ఉండదు, రాబందులు, రాబందులు అంటూ దారంతా ఆకాశం చూస్తూ వచ్చాడు."

బాతిస్త్ ఆవిడని చాలాసేపు చూశాడు. అరిచుంటే బాగుండేది. ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. విమ్ ఏం చెయ్యాలో తెలియక పళ్లేలు తియ్యడం మొదలుపెట్టాడు. హన్నెకె వదిన పక్కకి జరిగి భుజం మీద చెయ్యి వేసింది. "తినండి తినండి," అంది వదిన, "కూపెతాద్ మిగిలితే రేపు జోసెట్ నాతోనే తినిపిస్తుంది." ఎవరూ తినలేదు.

మర్నాడు హాలెండువాళ్లు వెళ్లిపోయాక వదిన సైకిళ్లన్నీ కొట్టంలో పెట్టి, ఒక్కొక్కటీ తుడిచి, మీద పాత దుప్పట్లు కప్పింది. రాబోయేవాళ్లకి ఫోన్లు చేసి రావద్దని చెప్పింది. లియోన్ నుంచి వచ్చే కుటుంబం మాత్రం ఫోను ఎత్తలేదు. ఆ పని అయ్యాక వంటింట్లో కుర్చీ గోడ వైపు లాక్కుంది. ఆ కుర్చీ కాళ్లు గచ్చు మీద గీసుకున్న చప్పుడుకి నా ఒళ్లు మండిపోయింది.

"ఏంటిది? ఒక్క గేటు మర్చిపోతే ఇల్లు సన్యాసుల మఠం చెయ్యాలా?" అన్నాను. "నేను నిన్న ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నేనూ గోడకేసి కూర్చోనా?"

"నీ వంటలో ఉప్పు ఉన్నా లేకపోయినా ఒకటే. ఏ గొర్రే చావలేదు."

"వదినా!"

"గేటు మర్చిపోతే బాధ లేదే జోసెట్," అంది. గొంతు తగ్గింది. "మూసినట్టు గుర్తు లేదు. కానీ ఇంకోటి గుర్తుంది. ఎండ అప్పుడప్పుడే ఎక్కుతోంది. వాళ్లిద్దరూ ముందు పోతున్నారు. తొందరగా ఇంటికి పోవాలి, జిల్బేర్‌కి కాఫీ పెట్టాలి అనుకున్నాను. అనుకున్నట్టు బాగా గుర్తుంది. ఆయన పోయాడన్న మాటే నా తలలో లేదు ఆ క్షణం." "ఎంత హాయిగా ఉందో," అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు, ఆవిడ పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన నాకు అన్న కదా. ఇంట్లో ఆయన కాఫీ కప్పు ఇప్పటికీ కొక్కేనికి వేలాడుతూనే ఉంది. ఎవరం తియ్యలేదు.

ఏడ్చాక నాకు ఎప్పుడూ కోపం వస్తుంది. ఆ కోపంతోనే సాయంత్రం పాలు పితికే వేళకి బాతిస్త్ కొట్టానికి వెళ్లాను. గొర్రెలు వరసగా తలలు పెట్టి దాణా తింటున్నాయి, యంత్రం టుక్కు టుక్కుమంటోంది. ఆ చప్పుడుని మించి అరిచాను.

"ఏమయ్యా, పెద్దదానితో ఒక్క మాటన్నా అనకుండా పోతావా? తిట్టాలనుంటే వచ్చి తిట్టు. ఆవిడ పడుతుంది. ఈ మౌనం ఏమిటి, ఎక్కడ నేర్చుకున్నావు, మోంపెల్యేలోనా?"

"ఆవిడ మీద నాకు కోపం లేదు జోసెట్ పిన్నీ."

"మరి?"

"ఏం చెయ్యాలో తెలీటం లేదు." పొదుగు తుడుస్తూనే మాట్లాడుతున్నాడు. "గేటు మూసి ఉంచలేను, నీళ్లకి పోవాలి ఇవి. తెరిచి ఉంచి గడ్డి కోతకి పోతే ఈసారి ఎన్ని చస్తాయో అని భయం. ఆవిడని రావద్దనాలి. రావద్దని నా నోటితో అనలేను."

"ఎందుకనలేవు? నీ మంద, నీ ఇష్టం."

"నేనొచ్చిన రెండో ఏడు, ఈతల సీజనులో ఒక గొర్రెకి పిల్ల అడ్డం తిరిగింది. నాకు చేతులాడక అక్కడే ఏడుస్తూ కూర్చున్నాను. డిప్లొమా ఉంది కదా అని ఊరంతా నవ్వారు. ఆవిడ మంచులో నడిచొచ్చి, చొక్కా చేతులు మడుచుకుని నా పక్కన కూర్చుంది. తను చెయ్యలేదు. నా చేత చేయించింది. బయటికి వెళ్లి అందరితో 'బాతిస్త్ తీశాడు' అని చెప్పింది." తల ఎత్తి నన్ను చూశాడు. "ఎలా అననూ?"

నేను తెచ్చుకున్న తిట్లలో సగం మిగిలిపోయాయి. ఇంటికొచ్చి వదినకి ఏమీ చెప్పలేదు. ఆడపడుచునైనా నాకూ కొన్ని తెలుసు, ఏది ఎప్పుడు మింగాలో.

శనివారం పొద్దుటే బాతిస్త్ మా గుమ్మం ముందు ట్రాక్టరు ఆపాడు. దిగలేదు, ఇంజను ఆపలేదు. "రేపు సైకిళ్లు తియ్యమను పెద్దమ్మని!" అని కేకేసి వెళ్లిపోయాడు.

"తియ్యను," అంది వదిన గోడతో.

"లియోన్ వాళ్లు వస్తున్నారు. ఫోనెత్తలేదుగా. పిల్లలు కూడా ఉన్నారట. తిప్పి పంపేస్తావా?"

"నువ్వు తిప్పు."

"నేనా? నిలువురాళ్ల దగ్గర అరగంట మాట్లాడి గాడిద సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నీ పేరు పోతుంది."

ఆ మాటకి ఆవిడ కుర్చీలో ఇటు తిరిగింది. ముఖం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది.

ఆదివారం ఉపన్యాసం మారిపోయింది. "గేట్లు మీరే తియ్యాలి, మీరే వెయ్యాలి. నేను ముట్టుకోను. నా చేతులు హ్యాండిలు వదిలితే నన్ను కేకెయ్యండి," అంది. లియోన్ వాళ్లు అదేదో తమాషా అనుకుని నవ్వారు. దారంతా వదిన హ్యాండిలు గట్టిగా పట్టుకుని తొక్కింది. గాడిద మలుపు దగ్గర ఆగింది గానీ సైకిలు దిగలేదు, కథ సగమే చెప్పింది. ఇలా భయపడుతూ తొక్కేటట్టయితే ఆవిడ వచ్చే ఆదివారం రాదు. అది నాకు తెలిసిపోయింది.

గుంట వైపు గేటు బార్లా తెరిచే ఉంది. పిల్లలు రయ్యిమని దూసుకుపోయారు. గేటు దాటాక ఆ కుటుంబంలో పెద్దమ్మాయి సైకిలు గొలుసు ఊడింది. నేను ఆగి, వంగి, చేతులు నల్లగా చేసుకుని దాన్ని తగిలిస్తున్నాను. ముందు పోయిన వదిన, ఏమైందని వెనక్కొచ్చి చూసింది. "సరిపోయిందిలే, పదండి," అన్నాను. ఆ అమ్మాయీ నేనూ కదిలాం. వదిన మా వెనకాల మిగిలింది.

నాలుగడుగులు పోయామో లేదో, వెనక నుంచి గంట మోగింది.

గొర్రె గంట. బొంగురుగా, నిదానంగా, అడుగున కొంచెం పగిలినట్టుండే మోత. నాకు బ్రేకులు పట్టడం కూడా గుర్తు రాలేదు, కాళ్లు కిందపెట్టేశాను. ఆ మోత నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను. మా మందలో ముందు నడిచే గొర్రె మెడలో ఉండేది ఆ గంట. మంద అమ్మితే గంటలు కూడా మందతో పోతాయి, మా దగ్గర అది ఆనవాయితీ. బాతిస్త్ దాన్ని ఏ గొర్రెకీ కట్టలేదు, పదేళ్లయింది అది విని.

తిరిగి చూశాను. వదిన సైకిలు గోడకి ఆనించి ఉంది. ఆవిడ చెయ్యి గేటు మీద ఉంది. గేటు సగం మూసుకుంది. పై కమ్మీకి తోలుపట్టీతో సహా ఆ గంట వేలాడుతూ ఊగుతోంది. వదిన తన చేతిని తనదో కాదో అన్నట్టు చూసుకుంటోంది.

అవతల చేలో ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. బాతిస్త్ సీటు మీద లేచి నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా! వినపడిందీ!"

వదిన ఉలిక్కిపడింది. గేటు వదిలేసింది. గంట మళ్లీ మోగింది.

"నాకూ వినపడిందిలేరా! చెవుడు రాలేదు నాకు!" అని తిరిగి కేకేసింది. గేటుని రెండు చేతులతో వెనక్కి తోసి, గోడకి ఆనేదాకా తోసి, గొలుసు గోడ కొక్కేనికి తగిలించింది. గంట మోగుతూనే ఉంది. బాతిస్త్ చెయ్యి ఊపి కూర్చున్నాడు. ట్రాక్టరు మళ్లీ మొదలైంది.

లియోన్ పిల్లలు ఏమిటేమిటని వెనక్కొచ్చి చుట్టూ మూగారు. వదిన వాళ్ల ముందే, ఏమాత్రం దాచుకోకుండా, చొక్కా చేతితో కళ్లూ ముక్కూ తుడుచుకుంది. గంటని వేళ్లతో ఒకసారి తడిమింది. నా వైపు తిరిగింది.

"చూశావా జోసెట్, వీడు గంట గేటుకి కట్టలేదే. నాకు కట్టాడు."

కోపమో ఏమిటో నాకు పోల్చుకోవడం చేతకాలేదు. "విప్పెయ్యమని చెప్పనా?" అన్నాను.

"ఎందుకు?" అని సైకిలెక్కింది వదిన. "మందలో ఉన్నదానికే కదా కడతాం."